ఎలక్ట్రానిక్ వర్తకమునందు దృష్టాంత తర్కము

అనుభవముగల యొక బట్టల వర్తకుని అంగడికి ఒక తల్లి తన కుమార్తెతో వచ్చినదనుకొందము. "పిల్లకు పరికిణీ గుడ్డ కావలెను. రంగు వెలిసిపోరాదు. ధర అధికముగా నుండరాదు" అని యామె చెప్పును. వర్తకుడు బీరువాలోని తానులన్నిటిని క్రిందికి దింపడు. క్షణకాల మూరకుండి, రెండు మూడు తానులను మాత్రము తీసి యామె యెదుట పఱచును. వానిలో నొకటి తరచుగా నామెకు నచ్చును.

ఈ వర్తకుడు తర్కశాస్త్రము చదివినవాడు కాడు. అయినను అతని మనస్సులో నొక తర్కము నడచినది. "నిరుడు ఇట్టి తల్లియే వచ్చి యిట్టి గుడ్డయే యడిగెను. నేనిచ్చిన గుడ్డ యామెకు నచ్చెను. అంతకు ముందు మఱియొకామెకు చౌకగుడ్డ నిచ్చితిని. అది రెండు ఉతుకులకే వెలిసిపోగా ఆమె తిరిగి వచ్చి నన్ను నిలదీసెను. కావున మొదటి గుడ్డ వంటిదే చూపవలెను." ఇంతయు నతడు మాటలలో చెప్పుకొనకపోవచ్చును. కాని యతని చేయి ఆ బీరువా వైపునకు పోవుటకు కారణ మిదియే.

వైద్యుడు రోగిని చూచునప్పుడును, న్యాయాధిపతి తీర్పు వ్రాయునప్పుడును, తాపీమేస్త్రి కప్పు కారుచున్న యింటిని పరీక్షించునప్పుడును ఇట్లే యాలోచింతురు. ఈ విధముగా పూర్వము జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొని, దాని పోలికచే క్రొత్త సమస్యను పరిష్కరించుటకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు కేస్ బేస్డ్ రీజనింగ్ అని పేరు పెట్టిరి. మనము దీనిని దృష్టాంత తర్కమని పిలుచుకొందము. ఈ తర్కము ఆన్‌లైన్ అంగళ్లలో నెట్లు పనిచేయునో, దానివలన మనకు కలుగు లాభమేమో, అందు పొంచియున్న యపాయమేమో యీ వ్యాసమున వివరింప దలచితిమి. నేడు మన విద్యార్థుల యిండ్లలో పుస్తకములు మొదలు పాదరక్షల వఱకు పెక్కు వస్తువులు చేతిలోని ఫోను ద్వారమున కొనబడుచున్నవి. కావున నీ విషయము మనకు దూరమైనది కాదు.

1. సూత్రమా? దృష్టాంతమా?

తర్కించుటకు రెండు మార్గములు గలవు. సూత్రమును పట్టుకొని పోవుట యొకటి. "త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలు" అను సూత్రము తెలిసినచో రెండు కోణములనుండి మూడవదానిని కనుగొనవచ్చును. ఇచట పూర్వానుభవముతో పనిలేదు. రెండవది దృష్టాంతమును పట్టుకొని పోవుట. పసిబిడ్డ వ్యాకరణసూత్రములు నేర్చుకొని మాటలాడుట లేదు. తల్లి నోట విన్న వాక్యముల వంటి వాక్యములనే తాను కూర్చుకొనును. తప్పు పలికినప్పుడు పెద్దలు దిద్దగా, దిద్దిన రూపమును గుర్తుంచుకొనును.

మన దేశపు నైయాయికులు తర్కమునందు దృష్టాంతమున కొక యాసన మిచ్చియుండిరి. కొండపై పొగ కనబడగా అచట నిప్పు గలదని నిరూపించునప్పుడు, "వంటయింటియందు వలె" అని యుదాహరణము చూపనిదే వారి వాదము పూర్తి కాదు. పోలికవలన కలుగు జ్ఞానమునకు వారు ఉపమానమని పేరిడి, దానినొక ప్రమాణముగా లెక్కించిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన తొలి పాఠములలో నొకటియు నిదియే: తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవలెను.

సూత్రములు స్పష్టముగా నున్నచోట సూత్రమే మేలు. కాని పరికిణీ గుడ్డ నెట్లు ఎంచవలెనో చెప్పు సూత్రమేది? ఇట్టి చోట్ల దృష్టాంతమే దారి చూపును.

2. ఈ శాస్త్రము పుట్టిన విధము

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున రోజర్ షాంక్ అను పండితుడు మనుష్యుల జ్ఞాపకశక్తిని గూర్చి పరిశోధించుచుండెను. 1977లో ఆయనయు రాబర్ట్ ఏబెల్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడును కలిసి ప్రకటించిన గ్రంథమున, మనము హోటలునకు పోవుట వంటి పనుల కొక క్రమము మన మనస్సులలో దాగియుండునని చెప్పిరి. కూర్చుండుట, కావలసినది చెప్పుట, తినుట, డబ్బు చెల్లించుట అనునవి యెవ్వరును చెప్పకయే మనకు తెలియును. 1982లో షాంక్ మఱియొక గ్రంథము వ్రాసి, జ్ఞాపకము కదలక మెదలక యుండు పెట్టె కాదనియు, క్రొత్త యనుభవము వచ్చినప్పుడెల్ల అది తన్ను తాను మార్చుకొనుచుండుననియు వాదించెను.

ఆయన శిష్యురాలు జానెట్ కోలోడ్నర్ 1983 నాటికి సైరస్ అను కంప్యూటరు వ్యవస్థను నిర్మించెను. అది అమెరికా విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ చేసిన ప్రయాణములను, సమావేశములను జ్ఞాపకముంచుకొని, అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పుచుండెను. మఱియొక శిష్యుడు క్రిస్టియన్ హామండ్ 1986లో షెఫ్ అను వ్యవస్థను గూర్చి ప్రకటించెను. ఇది చీనాదేశపు సెచువాన్ వంటలకు క్రొత్త విధానములను కల్పించును. దీని కథ విద్యార్థులకు రుచించును గనుక కొంచెము వివరింతుము.

షెఫ్‌ను గొడ్డుమాంసముతో బ్రోకలీ కలిపి వేపుడు చేయు విధానమడిగిరి. దానికి అట్టి వంట తెలియదు. కాని మాంసముతో చిక్కుడుకాయల వంటి గ్రీన్ బీన్స్ కలిపి వేయించు విధానము దాని జ్ఞాపకమున గలదు. అది ఆ విధానమును తీసి, బీన్స్ ఉన్నచోట బ్రోకలీ నుంచెను. ఫలితమును పరీక్షింపగా బ్రోకలీ కరకరలాడక మెత్తబడిపోయెను. ఏలయన, మాంసము వేగునప్పుడు నీరు వదలును. ఆ నీటిలో బ్రోకలీ ఉడికిపోయినది. అప్పుడు షెఫ్ రెంటిని వేఱువేఱుగ వేయించి తుదకు కలుపుమని విధానమును దిద్దెను. అంతటితో ఊరకుండక, కరకరలాడవలసిన కూరను మాంసముతో కలిపి వేయించినచో నిట్టి చిక్కు వచ్చునని గుర్తుపెట్టుకొనెను. గరిట పట్టిన మన తల్లులందఱును ఇట్లే నేర్చుకొనిరి గదా!

3. నాలుగు మెట్లు

1994లో నార్వే దేశపు ఆగ్నార్ ఆమోట్, స్పెయిన్ దేశపు ఎన్రిక్ ప్లాజా అను నిద్దఱు పండితులు ఈ తర్కమును నాలుగు మెట్లుగా విభజించిరి. నేటికిని ఈ శాస్త్రము చదువువారు మొదట నేర్చుకొనునవి యివియే.

మొదటిది వెదకి తీయుట: క్రొత్త సమస్యను పోలిన పూర్వ దృష్టాంతమును జ్ఞాపకమునుండి తీయవలెను. రెండవది వాడుకొనుట: అందలి పరిష్కారమును క్రొత్త సమస్యకు తగినట్లు మార్చి ప్రయోగింపవలెను. మూడవది సరిదిద్దుట: ప్రయోగించినది ఫలించినదో లేదో పరీక్షించి తప్పు దిద్దవలెను. నాలుగవది దాచుకొనుట: నేర్చుకొన్న సంగతిని ముందునాటి యుపయోగమునకై భద్రపఱచవలెను.

షెఫ్ కథలో నీ నాలుగును కనబడుచున్నవి. బీన్స్ వంట తీయుట మొదటి మెట్టు. బ్రోకలీ నుంచుట రెండవది. వేఱుగ వేయించుట మూడవది. గుర్తుపెట్టుకొనుట నాలుగవది. మొదటి రెండు మెట్లెక్కి నిలిచిపోవువాడు వట్టి యనుకరణము చేయువాడు. తక్కిన రెండును ఎక్కినవాడే అనుభవజ్ఞుడు.

4. వర్తకుడు లేని యంగడి

ఇక ఆన్‌లైన్ అంగడిని చూతము. అచట వస్తువులకు కొదువ లేదు. కొదువయైనది పైన చెప్పిన వర్తకుడు. మన యవసరమును విని, నడుమ నొక ప్రశ్న వేసి, తగిన తానును తీయువాడు అచట లేడు. వెదకుటకొక గడి మాత్రము గలదు. అంగడివాడు వస్తువుల పట్టికను ఖచ్చితమైన షరతులచే వెదకు పద్ధతిని మాత్రమే యేర్పఱచియుండినచో రెండు చిక్కులు కలుగును. షరతులు కఠినముగా పెట్టితిమా, "ఏ వస్తువును దొరకలేదు" అని బదులు వచ్చును. సడలించితిమా, వేలకొలది వస్తువులు వచ్చి పడును. ఒకటి వట్టిచేతులు, మఱియొకటి మోయలేని బరువు.

ఈ చిక్కును తీర్చుటకే దృష్టాంత తర్కమును వర్తకమునకు తెచ్చిరి. ఇచట అంగడిలోని ప్రతి వస్తువును ఒక దృష్టాంతమే. కొనువాని యవసరము సమస్య. దానికి మిక్కిలి దగ్గఱగా నున్న వస్తువు పరిష్కారము. "సరిగా ఇదియేనా?" అని గాక, "దీనికి ఎంత దగ్గఱ?" అని కంప్యూటరు ప్రశ్నించుకొనును.

1998లో జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈవో ఫోల్‌రాత్, వోల్ఫ్‌గాంగ్ విల్కె, రాల్ఫ్ బెర్గ్‌మన్ అనువారు ఈ విషయమున నొక వ్యాసము ప్రకటించిరి. అనలాగ్ డివైసెస్ అను కంపెనీ విక్రయించు విద్యుత్ పరికరములైన ఆపరేషనల్ ఆంప్లిఫయర్లను ఎన్నుకొనుటకు ఈ పద్ధతి నెట్లు వాడవచ్చునో అందు చూపిరి. ఇట్టి పరికరమునకు పెక్కు గుణము లుండును. అన్నిటిని ఖచ్చితముగా కోరిన ఇంజనీరునకు ఒక్కటియు దొరకదు. పోలికచే వెదకినచో దగ్గఱివి వరుసగా వచ్చును.

5. ఒక లెక్క

ఇది యెట్లు జరుగునో లెక్కవేసి చూతము. ఈ లెక్కలోని ధరలు మేము కల్పించుకొన్నవి.

ఏడవ తరగతి బాలిక కొకతెకు బడికి వచ్చుటకై సైకిలు కావలెను. ఆమె తండ్రి కోరినవి మూడు: చక్రము 24 అంగుళములు, ధర 7,000 రూపాయలకు మించరాదు, పుస్తకముల సంచి పెట్టుటకు వెనుక క్యారియరు ఉండవలెను. అంగడిలో మూడు సైకిళ్లు గలవు.

మొదటిది: చక్రము 26 అంగుళములు, ధర 6,800, క్యారియరు గలదు.
రెండవది: చక్రము 24 అంగుళములు, ధర 7,700, క్యారియరు గలదు.
మూడవది: చక్రము 24 అంగుళములు, ధర 5,600, క్యారియరు లేదు.

ఖచ్చితముగా వెదకినచో మూడును తప్పును, తండ్రికి వట్టిచేతులే. పోలికచే వెదకుటకు రెండు సంగతులు నిశ్చయింపవలెను. ఒకటి, ఒక్కొక్క గుణమున పోలిక యెంత? రెండు, ఏ గుణము ఎంత ముఖ్యము?

చక్రము సరిపోయినచో పోలిక 1 అనియు, రెండు అంగుళములు భేదించినచో 0.4 అనియు అనుకొందము. ధర 7,000 లోపల నున్నచో పోలిక 1. మించిన ప్రతి 350 రూపాయలకు 0.1 తగ్గింతము. ఇచట నొక విశేషము గమనింపుడు: ధర తగ్గుట లోపము కాదు, పెరుగుటయే లోపము. కావున ధర విషయమున పోలికను రెండు వైపుల సమానముగా కొలువరాదు. క్యారియరు ఉన్నచో 1, లేనిచో 0. ఇక ముఖ్యత: బాలిక కాళ్లు నేల కందుట యెల్లవానికంటె ముఖ్యము గనుక చక్రమునకు 5 పాళ్లు, ధరకు 3, క్యారియరుకు 2, వెరసి 10 పాళ్లు.

మొదటి సైకిలు: 5ను 0.4చే గుణింపగా 2, ధరకు 3, క్యారియరుకు 2, వెరసి 7.
రెండవది: చక్రమునకు 5, ధర 700 మించినందున పోలిక 0.8, దానిని 3చే గుణింపగా 2.4, క్యారియరుకు 2, వెరసి 9.4.
మూడవది: చక్రమునకు 5, ధరకు 3, క్యారియరుకు సున్న, వెరసి 8.

కావున రెండవ సైకిలు ముందు నిలుచును. కాని తెలివిగల వర్తకు డింతటితో ఆగడు. "అయ్యా, మూడవ సైకిలునకు క్యారియరు వేఱుగా 450 రూపాయలకు బిగించి యిత్తును" అనును. అప్పుడు ధర 6,050, చక్రము సరి, క్యారియరు గలదు, వెరసి 10కి 10. వెదకి తీయుట మొదటి మెట్టు, తగినట్లు మార్చుట రెండవ మెట్టు అని పైన చెప్పితిమి. రెండవ మెట్టెక్కుటచే తండ్రికి 1,650 రూపాయలు మిగిలినవి.

6. సంభాషణచే వెదకుట

మంచి వర్తకుడు కొనువానిచే మాటలాడించును. "ఇది బాగున్నది గాని ధర హెచ్చు" అనగా దానివంటిదే చౌకైనది చూపును. ఈ పద్ధతిని కంప్యూటరునకు నేర్పినవారిలో రాబిన్ బర్క్, క్రిస్టియన్ హామండ్ ముఖ్యులు. వంటల షెఫ్‌ను నిర్మించిన హామండే యితడు. వారు నిర్మించిన ఆంత్రే అను వ్యవస్థ 1996లో షికాగో నగరమున భోజనశాలలను సూచించుటకు మొదలయ్యెను. చూపిన భోజనశాల నచ్చనిచో, ఇంకను చౌకగా నుండవలెననియో, ఇంకను సొగసుగా నుండవలెననియో ఒక మీట నొక్కిన చాలును. ఆ మాఱ్పుతో దగ్గఱిది మఱల చూపును. మనకేమి కావలెనో మొదటనే చెప్పలేము. కాని చూపినదానిలో లోప మేమియో చెప్పగలము. ఈ మానవస్వభావమును వారు చక్కగా కనిపెట్టిరి.

డబ్లిన్ నగరపు విశ్వవిద్యాలయ కళాశాలలో బ్యారీ స్మిత్, పాల్ మెక్‌క్లేవ్ అనువారు 2001లో మఱియొక సంగతి చూపిరి. అతి దగ్గఱిగా నున్న మూడు వస్తువులు తమలో తామును ఒకటే పోలికగా నున్నచో కొనువానికి లాభము లేదు. మొదటిది నచ్చనివానికి తక్కిన రెండును నచ్చవు. కావున పోలికతో పాటు వైవిధ్యమును చూడవలెను. మన బట్టల వర్తకుడు మూడు ఎఱ్ఱతానులే చూపక, ఒక ఎఱ్ఱది, ఒక పచ్చది, ఒక నీలము తీయుట యీ సంగతి తెలిసియే.

అమ్మిన తరువాతకూడ ఈ తర్కము ఉపయోగపడును. 1990 దశాబ్దపు తొలి యేండ్లలో కాంపాక్ అను కంప్యూటరు కంపెనీ, కొన్నవారు ఫోను చేసి చెప్పుకొను చిక్కులను పరిష్కరించుటకు పూర్వపు చిక్కుల దృష్టాంతములను భద్రపఱచి వాడుకొనెను. ఒకరి యంత్రము బాగుచేయబడిన విధము మఱియొకరికి మందాయెను.

నేటి పెద్ద యంగళ్లు ఈ యొక్క పద్ధతినే నమ్ముకొనియుండుట లేదు. 2003లో అమెజాన్ కంపెనీకి చెందిన లిండెన్, స్మిత్, యార్క్ అనువారు తమ పద్ధతిని ప్రకటించిరి. అది వస్తువు గుణములను విచారింపదు. ఈ వస్తువును కొన్నవారు మఱి యే వస్తువును కొనిరో లెక్కించును. అట్టి పద్ధతికి వేలమంది కొనుగోళ్లు కావలెను. నిన్న అంగడికి వచ్చిన క్రొత్త వస్తువును గూర్చి అదేమియు చెప్పజాలదు. దృష్టాంత తర్కమునకు వస్తువు గుణములు తెలిసిన చాలును. మఱియు, "ఈ సైకిలును ఏల చూపితివి?" అని యడిగినచో అది కారణము చెప్పగలదు: చక్రము సరిపోయినది, ధర కొంచెము మించినది, క్యారియరు గలదు. కారణము చెప్పగలుగుట చిన్న సుగుణము కాదు.

7. తక్కెడ యెవ్వరిచేతిలో నున్నది?

ఇప్పుడు తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన భాగమునకు వచ్చితిమి. పై లెక్కలో చక్రమునకు 5 పాళ్లు, ధరకు 3, క్యారియరుకు 2 అని నిశ్చయించినది మనము. అంగడిలో నిశ్చయించువాడు అంగడివాడు. అతడు నాలుగవ గుణముగా తన లాభమును రహస్యముగా చేర్చి, దానికి 5 పాళ్లు ఇచ్చెననుకొందము. మొదటి సైకిలుపై నతనికి లాభము మిక్కిలి హెచ్చు గనుక దానికి 1, రెండవదానికి 0.2, మూడవదానికి సున్న వేసెను. ఇప్పుడు మొత్తము పాళ్లు 15.

మొదటిదానికి 7తో 5 చేరి 12. రెండవదానికి 9.4తో 1 చేరి 10.4. మూడవదానికి 8 మాత్రమే. బాలిక కాళ్లు నేల కందని మొదటి సైకిలు ఇప్పుడు "మీకు తగినది" యను పేరుతో పైకి వచ్చినది! సైకిళ్లు మాఱలేదు. బాలిక మాఱలేదు. లెక్కలో తప్పు లేదు. మాఱినది తక్కెడ. కూడికలో తప్పు లేనంత మాత్రమున ఫలితము న్యాయమైనదని తలంచుట పొరపాటని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

మన దేశమున 2019 సంవత్సరపు వినియోగదారుల పరిరక్షణ చట్టము క్రింద 2020లో ఎలక్ట్రానిక్ వర్తకమునకు ప్రత్యేక నియమములు చేయబడినవి. పలువురు విక్రేతలకు చోటిచ్చు ఆన్‌లైన్ అంగడి, వస్తువులను ఏ ముఖ్య గుణములనుబట్టి వరుసలో నిలుపుచున్నదో, వానికిచ్చు ముఖ్యత యెట్టిదో, అందఱికిని తెలియునట్లు సులభమైన మాటలలో ప్రకటింపవలెనని యందు గలదు. ఫిర్యాదు వచ్చిన 48 గంటలలో అందినట్లు తెలుపవలెననియు, ఒక నెలలో పరిష్కరింపవలెననియు నియమింపబడినది. 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు మొఱపెట్టుకొనవచ్చును.

నాలుగవ మెట్టును గూర్చియు నొక మాట. అంగడి మన కొనుగోలును దాచుకొనును. అనగా మనమే యొక దృష్టాంతమగుచున్నాము. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత వివరముల పరిరక్షణ చట్టము, 18 ఏండ్లు నిండని వారి వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల యనుమతి యుండవలెనని చెప్పుచున్నది. కావున విద్యార్థులు ఇంట పెద్దల నడుగక తమ పేరు, చిరునామా, పుట్టినతేది ఏ యంగడికిని ఈయరాదు.

8. మేము చేసిన తప్పు

పాఠము చెప్పువాడు తన తప్పును దాచి పరుల తప్పు నెంచుట తగదు. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలుడు చేరెను. అతని యన్న అంతకు ముందు మాయొద్దనే చదివి, ఆలస్యముగా వచ్చుచు, అబద్ధపు కారణములు చెప్పి మమ్ము పలుమాఱులు మోసగించెను. తమ్ముడు ఒక వారమున మూడు దినములు ఆలస్యముగా వచ్చెను. "ఏల?" అని యడుగగా తలవంచుకొని, "నాన్నకు బాగులేదండి" అనెను. అన్న చెప్పిన మాటయు నదియే. ఇంటిపేరు అదియే, ముఖము అదియే. మేము మఱేమియు విచారింపక, తరగతి యెదుట "మీ యింటివారికందఱికి నిదియొక పాఠమైనదే" యని పలికి, అతనిని వాకిట నిలిపితిమి. బాలుడు బదులు చెప్పలేదు.

నాలుగు దినములకు వారి పొరుగునున్న యొకామె బడికి వచ్చెను. బాలుని తండ్రి సర్కారు ఆసుపత్రిలో నున్నాడనియు, తల్లి పగలు కూలికి పోవుటచే రాత్రులు మంచము ప్రక్క కూర్చుండువాడు ఈ పిల్లవాడే యనియు, తెల్లవాఱిన పిదప అచటినుండి నడచి బడికి వచ్చుచున్నాడనియు చెప్పెను. మేము మఱునాడు అదే తరగతి యెదుట అతనిని క్షమాపణ వేడుకొంటిమి. అతడు "ఫరవాలేదండి" అనెను. కాని యా మాట నేటికిని మమ్ము బాధించుచునే యున్నది.

నాలుగు మెట్లతో పోల్చి చూడుడు. మేము పూర్వ దృష్టాంతమును తీసితిమి; దానినట్లే వాడితిమి. పరీక్షించి సరిదిద్దలేదు. ఇంటిపేరునకును ముఖమునకును 5 పాళ్లు వేసితిమి. బాలుని నడవడికి పాలే వేయలేదు. పైకి కనబడు పోలిక సులభముగా జ్ఞప్తికి వచ్చును. లోపలి భేదము అడిగిననే గాని తెలియదు. కంప్యూటరు చేయు తప్పును మనము నిందింతుము. ఆ తప్పు మనుష్యునినుండియే దానికి వచ్చినది.

అయినను దృష్టాంతములను మానుట పరిష్కారము కాదు. అవి లేనిదే వర్తకుడు గుడ్డ తీయలేడు, వైద్యుడు మందీయలేడు, ఉపాధ్యాయుడు పాఠము చెప్పలేడు. కావలసినది మూడవ మెట్టును మఱవకుండుట. ఆ బాలుని పిమ్మట మేమొక యలవాటు చేసికొంటిమి. "వీడు వాని వంటివాడే" యని మనస్సునకు తోచినప్పుడు, "ఏ విషయమున వంటివాడు కాడు?" అని యొక ప్రశ్న వేసికొనిన పిదపనే మాటలాడుచున్నాము. ఆన్‌లైన్ అంగడి "ఇది మీకు తగినది" యని చూపినప్పుడును తండ్రియు బిడ్డయు నీ ప్రశ్ననే వేసికొనుటకు ఒక నిమిషము చాలును.

అభ్యాసము

1. పై సైకిళ్ల లెక్కలో ధరకు 5 పాళ్లు, చక్రమునకు 3, క్యారియరుకు 2 వేసి మఱల లెక్కింపుడు. రెండవ స్థానమున నిలుచు సైకిలు ఏది? ఆ మాఱ్పు బాలికకు మేలా, కీడా?

2. చదువుకొనుటకు దీపము కొనదలచితిరి. చూడవలసిన గుణములు నాలుగు వ్రాసి, ఒక్కొక్కదానికి పాళ్లు నిర్ణయింపుడు. మీ తల్లిగారు వేఱుగా నిర్ణయించినచో ఆ భేదమునకు కారణ మేమో యామెనే యడిగి వ్రాయుడు.

3. మీ యింటనో వీధిలోనో పోలికచే మోసపోయిన సంగతి యొకటి వ్రాసి, నాలుగు మెట్లలో నేది తప్పిపోయెనో చూపుడు.